నాడీవిజ్ఞానం – నైతిక బాధ్యత: నలోపాఖ్యానం ఆధారంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

మనిషి చేసిన పనికి మనిషే కర్తా, లేక అతనిచేత మరేదో చేయించిందా అన్న ప్రశ్న తెలుగు సమాజానికి కొత్తది కాదు. తలరాత, నుదుటిరాత, ప్రారబ్ధం, గ్రహచారం, పూనకం అన్న మాటలన్నీ ఆ ప్రశ్నకు భాష ఇచ్చుకున్న జవాబులే. బుద్ధి కర్మను అనుసరిస్తుందన్న నానుడి పండితుల నోటా పామరుల నోటా వినిపిస్తుంది. ఆధునిక విద్య ఈ మాటల విలువను తగ్గించింది గాని వాటి వెనుక ఉన్న ప్రశ్నను తొలగించలేదు. తలరాత ఉన్న చోటికి మెదడు వచ్చి చేరింది. కోపం, దిగులు, వ్యసనం, క్రూరత్వం వంటివాటిని నరాల బలహీనతగానో, మెదడులోని రసాయనాల హెచ్చుతగ్గులుగానో వివరించడం నేడు వాడుక అయింది. తలరాత అంటే పెదవి విరిచే చదువరి మెదడు అంటే తల ఊపుతాడు. ఈ రెండు వివరణల ప్రమాణాలు వేరు. ఒకదానికి విశ్వాసం ఆధారం, రెండోదానికి పరీక్షకు నిలిచిన జ్ఞానం ఆధారం. అయినా నైతిక విచారణలో రెండూ ఒకే పనికి ఉపయోగపడే ప్రమాదం ఉంది. చేసినవాడిని ఇక ప్రశ్నించనవసరం లేదని చెప్పడమే ఆ పని.

ప్రవర్తనను మెదడు, నాడీవ్యవస్థ తీర్చిదిద్దుతాయన్నది నిజమైతే నైతిక బాధ్యత ఏమవుతుంది? ఈ ప్రశ్నను మహాభారతం అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. నన్నయ తెనిగించిన భాగంలో ఉండటంవల్ల ఈ కథ తెలుగు కావ్యచరిత్ర తొలినాళ్ల నుంచీ పాఠకులకు పరిచితం. ఇక్కడి చర్చకు మాత్రం వ్యాసభారత కథనమే ఆధారం. ప్రాచీనులకు నాడీవిజ్ఞానం తెలుసునని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం కాదు. అటువంటి నిరూపణ శాస్త్రానికీ కావ్యానికీ అన్యాయమే చేస్తుంది. కలిని మెదడుకు సంకేతంగా తీసుకోవలసిన పనీ లేదు. తన లోపలే ఉండి తనచేత పని చేయించిన కారణాన్ని మనిషి ఎలా ఎదుర్కోవాలి, అతనివల్ల నష్టపోయినవారు అతనితో ఎలా మాట్లాడాలి అన్న నైతిక సమస్య మాత్రం రెండు చోట్లా ఒకటే.

మెదడు – ప్రవర్తన: మూడు ఉదాహరణలు

1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, కావెండిష్ ఊరి సమీపాన, రైలుమార్గం కోసం బండలు పేలుస్తుండగా ప్రమాదం జరిగింది. పేలుడు మందును దట్టించే ఇనుప కడ్డీ ఫినియస్ గేజ్ అనే 25 ఏళ్ల మేస్త్రీ ఎడమ చెంప దగ్గర దూరి, నెత్తి మీదుగా బయటికి పోయింది. కడ్డీ పొడవు మీటరుకు పైన. బరువు సుమారు 6 కిలోలు. గేజ్ బతికాడు. చికిత్స చేసిన వైద్యుడు జాన్ హార్లో 1868లో ప్రకటించిన నివేదిక ప్రకారం, పనిమంతుడుగా, నిదానస్తుడుగా పేరున్న గేజ్ గాయం తర్వాత నోటి దురుసు, నిలకడలేమి, మొండితనం గల మనిషిగా మారాడు. పాత పరిచయస్థులకు అతడు వేరొక మనిషిలా కనిపించాడు. నుదుటి వెనుక ఉండే లలాట ఖండానికీ, నిగ్రహం, ముందుచూపు వంటి గుణాలకూ సంబంధం ఉందని చెప్పడానికి ఈ ఉదంతం పాఠ్యపుస్తకాలలో స్థిరపడింది.

రెండో ఉదాహరణ 2003లో అమెరికా వైద్య పత్రికలో వెలువడింది. 40 ఏళ్ల ఉపాధ్యాయుడొకరిలో, అంతకుముందు ఎవరూ ఎరుగని విధంగా, పిల్లలపట్ల లైంగిక వాంఛ తలెత్తింది. తీవ్రమైన తలనొప్పితో ఆసుపత్రిలో చేరినప్పుడు లలాట ఖండం అడుగుభాగంలో పెద్ద కణితి బయటపడింది. దానిని తొలగించాక ఆ వాంఛ పోయింది. కొన్ని నెలలకు కణితి తిరిగి పెరిగింది. వాంఛా తిరిగి వచ్చింది. మళ్లీ శస్త్రచికిత్స చేయగా మళ్లీ పోయింది. తాను చేస్తున్నది తప్పని అతనికి తెలుసు. ఆపుకోవడం మాత్రం అతనివల్ల కాలేదు.

మూడోది పార్కిన్సన్ వ్యాధిగ్రస్తులలో కనిపించేది. మెదడులో డోపమిన్‌ను తయారుచేసే నాడీకణాలు నశించడంవల్ల ఈ వ్యాధి వస్తుంది. డోపమిన్‌లా పనిచేసే మందులు వణుకును, బిగుతును తగ్గిస్తాయి. అయితే ప్రతిఫలం మీద ఆశను రేపే మార్గాలలోనూ డోపమిన్‌కు పాత్ర ఉంది. అందువల్ల ఈ మందులు వాడేవారిలో కొందరు జూదానికో, అదుపులేని కొనుగోళ్లకో లోనవుతారు. మందు మార్చినా తగ్గించినా చాలామందిలో ఆ వ్యసనం వెనక్కి తగ్గుతుంది.

ఈ మూడింటిలో మొదటిది గాయం, రెండోది కణితి, మూడోది ఔషధం. స్వభావం అని పిలుచుకొనేదానికి శరీరంలో పునాది ఉందని మూడూ చెబుతున్నాయి. దీనిని కాదనడం ఏ నీతిశాస్త్రానికీ సాధ్యం కాదు.

కారణం వేరు, మినహాయింపు వేరు

ఇక్కడినుంచి ఒక తొందరపాటు నిర్ణయం పుడుతుంది. పనికి కారణం మెదడు గనుక మనిషికి బాధ్యత లేదన్నది ఆ నిర్ణయం. దీనికి మద్దతుగా తరచు ఉదహరించేది బెంజమిన్ లిబెట్ 1983లో ప్రకటించిన ప్రయోగం. తోచినప్పుడు చేతిని కదిలించమని కొందరిని కోరి, కదలికకు సుమారు అర సెకను ముందే మెదడులో విద్యుత్ సన్నాహం మొదలవుతుందనీ, కదిలించాలన్న కోరిక మనసుకు తెలిసేది సుమారు 200 మిల్లీసెకన్ల ముందేననీ ఆయన చూపాడు. మెదడు ముందే నిర్ణయించింది, మనసు తర్వాత తెలుసుకుంది అన్న వ్యాఖ్య అలా ప్రచారంలోకి వచ్చింది. లిబెట్ మాత్రం ఆ నిర్ణయానికి రాలేదు. మొదలైన పనిని చివరి క్షణంలో ఆపగల శక్తి చేతనకు ఉందని ఆయన భావించాడు. 2012లో ఆరన్ షర్గర్, సహ పరిశోధకులు ఆ విద్యుత్ సన్నాహాన్ని మరోలా వ్యాఖ్యానించారు. అది మెదడులో సహజంగా జరిగే హెచ్చుతగ్గుల పోగు కావచ్చు, నిర్ణయానికి గుర్తు కానవసరం లేదని వారు చూపారు. ఏ కారణమూ లేకుండా వేలు కదిలించడానికీ, అప్పు ఎగవేయాలా తీర్చాలా అని రోజుల తరబడి తర్కించడానికీ ఉన్న దూరం కూడా గమనించదగినది.

ప్రయోగాల వివాదం ఎలా తేలినా, అసలు చిక్కు తర్కంలో ఉంది. క్రౌర్యానికి మెదడు కారణమైతే కరుణకూ మెదడే కారణం. జబ్బుపడిన మెదడుకు ఎంత భౌతిక నియమబద్ధత ఉందో, ఆరోగ్యంగా ఉన్న మెదడుకూ అంతే ఉంది. అందరికీ, అన్ని పనులకూ సమానంగా వర్తించే కారణం ఏ ఒక్కరికీ ప్రత్యేకమైన మినహాయింపు కాజాలదు. మనిషి నిందను తగ్గించేది అతని పనికి కారణం ఉండటం కాదు, అతనిలో ఒక శక్తి లోపించడం. ఆ శక్తికి రెండు అంగాలు ఉన్నాయి. మంచిచెడ్డలను గుర్తించడం మొదటిది. గుర్తించినదాని ప్రకారం నడుచుకోవడం రెండోది. మొదటిదానిని తెలివిడి అనీ, రెండోదానిని నిగ్రహం అనీ అనవచ్చు. రెండింటికీ తరతమాలు ఉంటాయి; కోల్పోవడానికీ తిరిగి పొందడానికీ వీలుంటుంది.

గేజ్ జీవితంలో పాఠ్యపుస్తకాలు తరచు విడిచిపెట్టే భాగం ఇక్కడ ముఖ్యం. 1852లో అతడు చిలీ దేశానికి వెళ్లి, కొన్నేళ్లపాటు వాల్పరైసో – శాంటియాగో మార్గంలో గుర్రపు బగ్గీ తోలాడు. 1860లో మూర్ఛలతో కాలిఫోర్నియాలో మరణించాడు. గుర్రాలను అదుపు చేయడం, వేళకు బయలుదేరడం, ప్రయాణికులతో మసలుకోవడం నిలకడలేని మనిషికి సాధ్యమయ్యేవి కావు. ఆ క్రమబద్ధమైన పనిలో గేజ్ తన నిగ్రహాన్ని కొంతమేరకు తిరిగి కూడగట్టుకొని ఉంటాడని ఈ ఉదంతాన్ని సుదీర్ఘంగా పరిశోధించిన మాల్కం మాక్‌మిలన్ వాదించాడు. మెదడు ప్రవర్తనను శాసిస్తుందనడానికి ప్రసిద్ధ సాక్ష్యంగా నిలిచిన జీవితమే, ప్రవర్తన చుట్టూ ఉన్న మనుషులూ పనీ మెదడుకు ఆసరా కాగలవనడానికీ సాక్ష్యం.

నలుడిలో కలి

రాజ్యం జూదంలో పోగొట్టుకొని అడవిలో దుఃఖిస్తున్న ధర్మరాజుకు బృహదశ్వ మహర్షి నలుడి కథ చెబుతాడు. జూదరికి జూదరి కథ వినిపించడంలోనే బాధ్యతా విచారణ ఉంది. దమయంతి నలుడిని వరించిందని కోపించిన కలి, అతనిలో ప్రవేశించే సందు కోసం ఏళ్లతరబడి కాచుకొని ఉంటాడు. పన్నెండో ఏట నలుడు కాళ్లు కడుక్కోకుండా సంధ్య వార్చినప్పుడు ఆ సందు దొరుకుతుంది. పుష్కరుడు జూదానికి పిలుస్తాడు. ఆట నెలల తరబడి సాగుతుంది. మంత్రులు, పౌరులు వాకిట నిలిచి వారిస్తారు. దమయంతి కన్నీటితో వేడుకుంటుంది. నలుడు బదులైనా పలకడు.

వినిపించినా వినలేని ఈ స్థితిని కవి ఎంత నిశితంగా చూశాడో గమనించాలి. కలి ఆవేశించిన నలుడు కట్టెబొమ్మ మాత్రం కాడు. ఆటలో చివరికి దమయంతిని ఒడ్డమని పుష్కరుడు ఎత్తిపొడిచినప్పుడు నలుడు కోపంతో రగిలినా ఆమెను ఒడ్డడు. అడవిలో నిద్రిస్తున్న ఆమెను విడిచిపోతూ పదేపదే వెనక్కి వస్తాడు. అతని హృదయం రెండుగా చీలి ఉయ్యాలలా ఊగిందని కథనం. కలి ఒకవైపు లాగుతుంటే ప్రేమ మరోవైపు లాగుతుంది. నిగ్రహం పూర్తిగా ఉండటానికీ పూర్తిగా పోవడానికీ మధ్య ఉన్న విశాలమైన ప్రదేశం ఇది. వ్యసనపరుల జీవితం గడిచేదీ అక్కడే.

దమయంతి వైఖరి

ఈ కథలో బాధ్యత గురించి అందరికంటే స్పష్టంగా వ్యవహరించినది దమయంతి. ఆమె చేసిన పనులు మూడు.

మొదటిది రక్షణ. భర్త మాట వినే స్థితిలో లేడని గ్రహించగానే ఆమె సారథి వార్ష్ణేయుడిని పిలిపించి, పిల్లలిద్దరినీ కుండినపురంలోని పుట్టింటికి పంపించివేస్తుంది. నిగ్రహం కోల్పోయినవాడిని నిందిస్తూ కూర్చోకుండా, అతనివల్ల దెబ్బతినబోయేవారిని ముందుగా దూరం చేస్తుంది.

రెండోది కారణాన్ని గుర్తించడం. అడవిలో ఒంటరిగా మిగిలినప్పుడు, నలుడిని ఈ దుఃఖానికి గురిచేసిన భూతమేదో అది అంతకంటే ఎక్కువ దుఃఖం పొందాలని ఆమె శపిస్తుంది. నలుడు వేరు, నలుడిని పట్టినది వేరు అని ఆమె ఎవరూ చెప్పకుండానే ఎరుగును.

మూడోది ప్రశ్నించడం. నలుడిని వెదకడానికి బ్రాహ్మణులను పంపుతూ ఆమె ఇచ్చిన సందేశంలో కలి ప్రసక్తి లేదు. చీర సగం కోసుకొని, నిద్రలో ఉన్న భార్యను విడిచి ఎక్కడికి పోయావని నలుడినే జూదరీ అని సంబోధించి అడుగుతుంది.

శాపం కారణానికి, ప్రశ్న మనిషికి. ఈ రెండింటినీ ఒకేసారి నిలుపుకోవడం దమయంతి వివేకం. కారణం ఉన్నది గనుక మనిషిని అడగనక్కరలేదని ఆమె అనుకోలేదు. మనిషిని అడుగుతున్నాను గనుక కారణం లేదనీ అనుకోలేదు. ఆంగ్ల తత్త్వవేత్త పి.ఎఫ్. స్ట్రాసన్ 1962లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసంలో ఇటువంటి భేదాన్నే చర్చించాడు. ఎదుటివాడిని చికిత్సకో అదుపుకో తగిన వస్తువుగా చూడటం ఒక దృష్టి. కోపానికీ కృతజ్ఞతకూ క్షమకూ పాత్రుడైన సాటిమనిషిగా చూడటం మరొక దృష్టి. మొదటి దృష్టి కొన్నిసార్లు అవసరం. అదే శాశ్వతమైతే మనుషుల మధ్య బంధం మిగలదు. దమయంతి ప్రశ్న నలుడిని మళ్లీ మనిషిగా నిలబెట్టింది. జవాబు చెప్పగలవాడని నమ్మినవారినే ఎవరైనా ప్రశ్నిస్తారు.

నలుడి సమర్థనలోని లోపం

నలుడి జవాబు మాత్రం ఆ ప్రశ్న స్థాయిని అందుకోదు. తిరిగి కలిసినప్పుడు, రాజ్యం పోగొట్టినదీ దమయంతిని విడిచినదీ తాను కాదనీ, కలి చేశాడనీ అతడు చెబుతాడు. వెంటనే, ఆ కలిని తన పట్టుదలతో, తపస్సుతో జయించానంటాడు. తప్పు జరిగిన చోట కర్త కలి, గెలుపు జరిగిన చోట కర్త తాను. ఒకే మనిషి జీవితంలో చెడును కారణానికీ మంచిని తనకూ పంచిపెట్టుకొనే ఈ లెక్క సరికాదు. అంతటితో ఆగక, రెండో స్వయంవరం ప్రకటించినందుకు దమయంతిని నిలదీస్తాడు. అతడిని రప్పించడానికి తాను పన్నిన ఉపాయమని ఆమె చేతులు జోడించి చెప్పుకోవలసి వస్తుంది. ఆమె నిర్దోషిత్వానికి వాయువు సాక్ష్యం చెప్పవలసి వస్తుంది. నిజంగా విడిచిపోయినవాడికి కారణం చాలింది. విడిచిపోని ఆమెకు దైవసాక్ష్యం కావలసివచ్చింది. కారణాలను వివరించే భాష ఎవరికి అందుబాటులో ఉంటుంది, ఎవరికి ఉండదు అన్నది కూడా నైతిక ప్రశ్నేనని ఈ ఘట్టం చూపుతుంది.

దీనికి మించిన సంగతి తుది ఆటలో ఉంది. కలి విడిచిపోయాక, అక్షహృదయం తెలిసిన నలుడు పుష్కరుడిని తిరిగి జూదానికి పిలుస్తూ, తన ధనంతో పాటు దమయంతిని కూడా పందెంగా పెడతాడు. కలి లోపల ఉన్నప్పుడు ఒడ్డని భార్యను కలి పోయాక ఒడ్డాడు. అతని పనులన్నిటి భారాన్నీ కలి ఒక్కడే మోయలేడు.

అయితే గెలిచిన తర్వాత నలుడు తన తర్కాన్ని ఒక మెట్టు పైకి తీసుకుపోతాడు. పుష్కరుడు చేసినదానికీ కలియే కారణమనీ, పరుడు చేసిన దోషాన్ని తమ్ముడి మీద మోపననీ చెప్పి, అతని భాగం అతనికిచ్చి పంపుతాడు. తనకు వాడుకున్న మినహాయింపును శత్రువుకూ ఇచ్చాడు. కారణవాదం న్యాయం కావాలంటే ఇదే కనీస షరతు.

చట్టం, సమాజం

ఈ షరతును చట్టమూ సమాజమూ ఎంతవరకు పాటిస్తున్నాయో చూడాలి. మతిస్థిమితం లేనివారి నేరం గురించి భారత శిక్షాస్మృతి 84వ సెక్షన్ చెప్పినదే 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్‌గా కొనసాగుతోంది. చేస్తున్న పని స్వభావం, అది తప్పు లేదా చట్టవిరుద్ధం అన్న సంగతి మానసిక అస్వస్థతవల్ల తెలుసుకోలేనివాడికి మినహాయింపు ఉంటుంది. 1843 నాటి ఆంగ్ల మెక్‌నాటన్ నియమాల నుంచి వచ్చిన ఈ కొలమానం తెలివిడిని పరీక్షిస్తుంది, నిగ్రహాన్ని పరీక్షించదు. తప్పని తెలిసీ ఆపుకోలేకపోయిన కణితి రోగికి ఇందులో చోటు లేదు. నలుడికీ లేదు. నిగ్రహలోపాన్ని కొలవడం కష్టమన్నది చట్టం జాగ్రత్తకు తగిన కారణమే. కాని శిక్ష పరిమాణాన్ని నిర్ణయించేటప్పుడైనా ఆ లోపాన్ని లెక్కలోకి తీసుకోవడం న్యాయం.

మెదడు భాష మినహాయింపుగానే కాక ముద్రగానూ మారగలదు. నేరం కొందరి పుట్టుకలోనే ఉందన్న నమ్మకంతో వలస పాలకులు 1871లో నేరస్థ తెగల చట్టాన్ని తెచ్చారు. అది తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించింది. బాపట్ల సమీపంలోని స్టూవర్టుపురం ఆ విధానం కింద ఎరుకల కుటుంబాల కోసం ఏర్పడిన ఆవాసం. 1952లో చట్టం రద్దయినా ముద్ర చెరగడానికి తరాలు పట్టింది. అప్పుడు రక్తం అన్నారు. ఇప్పుడు జన్యువు, మెదడు అనడం తేలిక. తనవాడు తప్పు చేస్తే నరాల ఒత్తిడి, పరాయివాడు చేస్తే పుట్టుబుద్ధి అనే సమాజంలో శాస్త్రం పాత పక్షపాతానికి కొత్త మాటలు మాత్రమే సమకూరుస్తుంది.

ముగింపు

కారణం తెలియడంవల్ల గతం మీది నింద తగ్గవచ్చు. భవిష్యత్తు మీది బాధ్యత మాత్రం పెరుగుతుంది. తనకు మూర్ఛ వస్తుందని తెలియని డ్రైవరుకు మొదటి ప్రమాదంలో క్షమ ఉంటుంది. తెలిసిన తర్వాత బండి ఎక్కితే ఉండదు. మందువల్ల జూదం మీద మనసు పోతున్నదని తెలిసిన రోగి వైద్యుడికి చెప్పాలి, డబ్బు తాళం ఇంటివారికి అప్పగించాలి. ఇంటివారూ ఆ తాళాన్ని అవమానంగా కాక ఆసరాగా ఉంచుకోవాలి. నలుడు కలినుంచి విడివడినది అక్షహృదయం అన్న విద్య తెలిసిన క్షణానే. పాచికల మర్మం ఎరగక ఓడినవాడు, ఎరిగినప్పుడు విముక్తుడయ్యాడు. ఆ ఎరుక రావడానికి కర్కోటకుడి విషం, ఋతుపర్ణుడి విద్య, దమయంతి వెదుకులాట తోడయ్యాయి. నిగ్రహం ఒంటరి ఆస్తి కాదు.

నాడీవిజ్ఞానం మనుషులకు నేర్పగల విద్యా ఇటువంటిదే. తన మెదడు ఎక్కడ తడబడుతుందో తెలుసుకున్నవాడు ముందుగా ఏర్పాటు చేసుకోగలడు. ఆ జ్ఞానాన్ని నలుడిలా సమర్థనకు వాడుకోవచ్చు. దమయంతిలా కారణాన్ని గుర్తిస్తూనే మనిషిని ప్రశ్నించడానికీ వాడుకోవచ్చు. వైద్యుడి నివేదిక చేతిలో ఉన్నప్పటికీ నష్టపోయినవారికి జవాబు అడిగే హక్కు ఉంటుంది. పని చేయించినదేదో తేలినప్పటికీ, జవాబు చెప్పవలసిన నోరు చేసినవాడిదే.